తూకానికి ముందు

ప్యోబ్వే బజారులో చీకటి విడవకముందే
నా కుండల మూతలు తీస్తాను.
ఒకదాంట్లో ఉడికించిన శీకాయ.
ఇంకోదాంట్లో రాత్రంతా నానిన తయో బెరడు,
పిసికితే బెండకాయ జిగురులా
వేలికీ వేలికీ మధ్య సాగుతుంది.

ఇవాళ మొదటి బేరం సాన్ న్వే.
మోకాళ్ళు దాటిన జడ.
జడ కొసనుంచి నూనె చుక్క
మడమ మీద పడి, జారి
దుమ్ములో చిన్న ముద్దయింది.

"ఎంత పట్టించావే?"
"మూడు రోజులు. రోజుకో గిన్నె, నువ్వుల నూనె."
"దేనికి?"
నేల చూపులు.
నాకు తెలీక అడిగానా?
జుట్టు తూకానికి అమ్ముడయ్యే ఊళ్ళో
ఇరవై రెండేళ్ళుగా తలలంటుతున్నదాన్ని.

చిట్ స్వే కత్తెర బయటికే తీయలేదట.
పాత పేపరు ముక్క జడకి అద్ది
వెలుతురుకి ఎత్తి చూపించాడట,
అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనబడ్డాయి.
"కడుక్కుని రా.
బట్టల సబ్బు పెట్టావో, నేను పీచు కొనను,
తాళ్ళ కొట్టుకి పో" అన్నాడట.

బట్టల సబ్బయితే చిటికెలో పని.
నువ్వు పోసిన నూనె పోతుంది.
పుట్టినప్పటినుంచి వెంట్రుక
తనకోసం దాచుకున్నదీ పోతుంది.
సబ్బుకి ఆ తేడా తెలీదు.
నాకు తెలుసని చెప్పుకునే
ఈ పీట వేసుక్కూచున్నాను.

అందరూ ముందు చెంబు ఎత్తుతారు.
నేను మా ఆయన పాత లుంగీ తీస్తాను,
ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ.
పాయ పాయ విడదీసి
లాగకుండా, రుద్దకుండా, అద్దడం.
గుడ్డ బరువెక్కింది.
తర్వాత శనగపిండి, పొడిగానే, పొడుగునా.
ఉండలు కట్టి రాలింది.
బజారు కుక్క వచ్చి వాసన చూసి
నచ్చక వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీళ్ళు. గోరువెచ్చనివి.
మొదటి శీకాయకి నురుగే లేదు, బూడిదరంగు మడ్డి.
రెండోదానికి ఏదో కాస్త.
మూడోదానికి సాన్ న్వే మెడ వదులు చేసి
దానంతటదే చెప్పింది:
ఉల్లిచేనుకి మోటారు కాలిపోయిందట,
ఆ నూనె కూడా అరువు తెచ్చిందట.
"చేతిచమురు వదిలిందంటారు,
నీకు అప్పుచమురు వదులుతోందే" అన్నాను.
నవ్వు ఆపుకోలేక కళ్ళలోకి శీకాయ పోయింది.
చాలాసేపు ఏడ్చింది.
శీకాయ వల్లే అన్నాం ఇద్దరం.

చివర తయో జిగురు, నాలుగు చుక్కల నిమ్మరసం.
అప్పుడు చూడాలి,
నా అరచేతిలోంచి జుట్టు
వాలుగ చేపలా జారిపోతుంది.
ఎండలోకి కాదు, నీడలో, వెదురు దడి మీద
గాలి ఎంతసేపు చేస్తే అంతసేపు.
తొందరగా ఉంటే ఇంకోచోటికి పొమ్మంటాను.

నేనూ వెంట వెళ్ళాను.
చిట్ స్వే ఒక పాయ తీసి
వేళ్ళ మధ్య నలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
ఎండిన జుట్టు గరగరమంటుంది.
ఇది ఏమీ అనలేదు.
కాసేపు అతనూ ఏమీ అనలేదు.
కత్తెర పడ్డాక తూచితే
వీసెలో పదో వంతు, పైన ఒక్క పిసరు.
సాన్ న్వే ముల్లు వంక చూసింది,
పోయిన మూడు గిన్నెల కోసం.
అతను చెప్పిన ధర విని
మళ్ళీ చెప్పమంది.

తిరిగొచ్చి నా డబ్బులిచ్చి
ఒక కట్ట తయో బెరడు కొంది.
"ఇక దేనికే, ఈ తలకి?"
కత్తిరించిన తలని అరచేత్తో నిమురుకుంటూ
"అత్తకి" అంది.
"ఆవిడ జడ నాకంటే పొడుగు.
పంపు కూడా పాతదే."

నేను పారబోసిన నీళ్ళ మీద
రంగులు తిరుగుతూ కాలవ దాకా పోయాయి.
లుంగీ గుడ్డ మాత్రం ఉతకలేదు.
నెల్లాళ్ళుగా మా తలుపు కిర్రుమంటోంది,
సాయంత్రం వెళ్ళి
దాని బందుల మీద పిండాలి.